వెలుతురు కరువైన ఊళ్లలో మన పిల్లలు

సంపాదకుల వారికి,

విదేశాల్లోని మన పిల్లల గురించి జీతాలు, వీసాల సంగతులే తప్ప వారి దినచర్య పత్రికల్లో కనిపించడం అరుదు. మా అబ్బాయి స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం చేస్తున్నందువల్ల, నిరుడు డిసెంబరులో నేనూ నా భార్యా రాజోలు నుంచి వెళ్లి నెల రోజులు అక్కడ ఉండి వచ్చాము. ఆ నెలలో పగలు సుమారు 6 గంటలే. మధ్యాహ్నం 3 కాకముందే పొద్దు గూకుతుంది. చలికి ఉన్నిబట్టలున్నాయి, చీకటికి ఏముంది? అందుకేనేమో, మనం కార్తీకంలో ఆకాశదీపం ఎత్తినట్టు, అక్కడ ఇంటింటా కిటికీల్లో నక్షత్రాల ఆకారపు దీపాలు వేలాడదీస్తారు. కాస్త ఎండ పొడచూపితే బస్టాపులో జనం ముఖాలు అటు తిప్పి, కళ్లు మూసుకుని నిలబడటం చూశాను. జీవితమంతా కొబ్బరితోటల నీడన మేము గొడుగు పట్టి తప్పించుకున్నది ఆ ఎండనే!

మా వాడు చీకట్లో వెళ్లి చీకట్లో వచ్చేవాడు. వచ్చాక ముద్దపప్పు, ఆవకాయ కలుపుకుని మాటాపలుకూ లేకుండా తినేవాడు. జూన్‌లో మాత్రం పగలు 18 గంటలు దాటి, నిద్రకు మందపాటి తెరలు కట్టుకోవాలట. శీతాకాలంలో మనకూ వారికీ తేడా నాలుగున్నర గంటలు కనుక, అతను సాయంత్రం 6 గంటలకు ఫోన్ చేస్తే ఇక్కడ రాత్రి పదిన్నర. ముక్తసరిగా మాట్లాడితే పొగరెక్కిందనే బంధువులు మాకూ ఉన్నారు.

అక్కడ ఉంటున్నవారే తమ రోజులను రాసుకునేందుకు మీ ఆదివారం సంచికలో కొంత చోటివ్వవలసిందిగా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజోలు