వార్షిక నివేదిక: పిల్లల తగువులు, పెద్దల గొంతులు

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో మనం చేసిన తీర్మానాల్లో చర్చే లేకుండా పాసైంది ఒక్కటే. పిల్లలకు అహింస గురించి, గొడవలు మాటలతో తీర్చుకోవడం గురించి నేర్పాలన్నది ఆ తీర్మానం. చేతులన్నీ ఒకేసారి లేచాయి. "మొక్కై వంగనిది మానై వంగునా" అని ఒకరు అంటే చప్పట్లు కొట్టి పార్కింగ్ అంశానికి వెళ్లిపోయాం. ఏడాది తిరిగేసరికి సంఘం పనులన్నిటిలో ఎక్కువ సమయం, ఎక్కువ ఓపిక తీసుకున్నది అదే. అందుకే మిగతా పనుల్ని చివర్లో నాలుగు ముక్కల్లో చెప్పి, దీని గురించే వివరంగా రాస్తున్నాను. నివేదిక అంటే సాధించినవి మాత్రమే రాయాలని కొందరు సభ్యుల అభిప్రాయం. ఈసారి చెడగొట్టుకున్నవి కూడా రాశాను, మన్నించాలి.

మొదటి రెండు నెలలు

ఆదివారం ఉదయం గంటసేపు క్లాసు అని మొదలుపెట్టాం. పెద్దలం వంతులవారీగా మాట్లాడాం. పిల్లలు విన్నారు, అంటే విన్నట్టు కూర్చున్నారు. యుద్ధాలు మనుషుల మనసుల్లోనే మొదలవుతాయి కాబట్టి శాంతికి కోటలు కూడా అక్కడే కట్టాలని 1945లో రాసుకున్న యునెస్కో రాజ్యాంగ పీఠికలో ఉంది. దాన్ని చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు తగిలించాం. మూడో వారం ఆ చార్టు కిందే ఇద్దరు పిల్లలు కుర్చీ కోసం జుట్లు పట్టుకున్నారు. నేనే విడదీశాను. విడదీసి, అందరు పెద్దలూ చేసే పనే చేశాను: "ఇద్దరూ సారీ చెప్పుకోండి" అన్నాను. చెప్పుకున్నారు. సారీని కూడా రాయిలా విసరొచ్చని ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాతి వారం నుంచి ఉపన్యాసాలు మానేశాం. చార్టు ఇంకా ఉంది, తీయడానికి ఎవరికీ మనసొప్పలేదు.

కోపం వచ్చినప్పుడు

కొత్తగా మొదలుపెట్టినప్పుడు ముందు చెప్పింది, కోపం తప్పు కాదని. ఇది కొందరు తల్లిదండ్రులకు నచ్చలేదు. కానీ కోపమే రాకూడదని చెబితే పిల్లలు దాచుకోవడం నేర్చుకుంటారు తప్ప దాన్ని ఏం చేయాలో నేర్చుకోరు. ఈ విషయంలో మన భాష మనకు సాయం చేసింది. తెలుగులో ఎవరూ కోపం అయిపోరు, మనకు కోపం వస్తుంది. వచ్చింది కాబట్టి పోతుంది కూడా. ఈ మాట చెబితే ఒక ఏడేళ్ల పాప, "మరి వచ్చినప్పుడు దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలి?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్న వల్లే హాలులో, కోపం వచ్చినప్పుడు వెళ్లి కూర్చోవడానికి ఒక మూల ఏర్పడింది. ఒక చిన్న బల్ల, రెండు కుర్చీలు, కాగితాలు, రంగు పెన్సిళ్లు. మాంటిస్సోరి బడుల్లో శాంతి బల్ల అని ఇలాంటిదే పెడతారు. నియమం ఒక్కటే: అక్కడికి ఎవరికి వాళ్లు వెళ్లాలి, ఎవరూ ఎవర్నీ పంపకూడదు. ఒక ఆదివారం ఒకావిడ వాళ్లబ్బాయిని "పో, ఆ మూల కూర్చో" అని గదమాయించారు. అంతే, ఆ మూల శిక్ష అయిపోయింది. మళ్లీ ఒక పిల్లాడు తనంతట తాను అటు నడవడానికి నెల పట్టింది.

మాట్లాడే పద్ధతి మార్షల్ రోజెన్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త రూపొందించిన నాలుగు మెట్ల నుంచి తీసుకున్నాం: ఏం జరిగింది, నాకేమనిపించింది, నాకేం కావాలి, నిన్నేం అడుగుతున్నాను. చూడ్డానికి సులువు. పిల్లలందరూ జారిపడింది మొదటి మెట్టు మీదే. "వాడు కావాలనే నా బ్యాటు దాచాడు" అంటాడొకడు. ఇందులో కంటితో చూసింది ఎంత? బ్యాటు సంచిలో లేదు, అంతే. దాచాడన్నదీ, కావాలనే అన్నదీ మనం కలుపుకున్నవి. ఇది వాళ్లకు ఆటలా పట్టుబడింది. ఎవరు "ఎప్పుడూ ఇంతే" అన్నా, "కావాలనే" అన్నా మిగతావాళ్లు బల్ల మీద వేలితో టక్‌మని కొడతారు. ఇళ్లలో కూడా కొడుతున్నారని ఫిర్యాదులు వచ్చాయి. ఆ ఫిర్యాదులపై సంఘం చర్య తీసుకోదలచుకోలేదు.

చిన్న మధ్యవర్తులు

పిల్లల మధ్య తగువును సాటి పిల్లలే కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి చాలా దేశాల బడుల్లో ఉంది. మన దగ్గర పది నుంచి పదమూడేళ్ల వాళ్లను ఎంచుకుని నేర్పించాం. రెండు పక్షాలూ ఇష్టపడితేనే కూర్చోవాలి. ఒకరు చెప్పింది రెండోవారు తమ మాటల్లో తిరిగి చెప్పాలి. అవతలివారు "అవును, నేనన్నది అదే" అన్నాకే తమ వైపు చెప్పుకోవాలి. అక్కడ విన్నది బయట చెప్పకూడదు, ఎవరికైనా ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం పెద్దవాళ్లకు చెప్పి తీరాలి. అన్నిటికంటే ముఖ్యం, మధ్యవర్తి తీర్పు చెప్పకూడదు. ఈ చివరి నియమంతోనే వచ్చింది చిక్కు. మొదటి కేసులోనే మన మధ్యవర్తి రెండు నిమిషాలు విని, "తప్పు నీదే, ఇక లేవండి" అన్నాడు. ఆ అబ్బాయిని తప్పుపట్టనక్కర్లేదు. మధ్యవర్తి అంటే వాడు చూసిన పెద్దమనుషులంతా చేసేది అదే.

ఒక తగువు గురించి కొంచెం వివరంగా చెప్పాలి (సంబంధించిన పిల్లలను, ఇంట్లోవాళ్లను అడిగే రాస్తున్నాను). ఇద్దరమ్మాయిలు కలిసి అట్టతో వంతెన నమూనా చేశారు. ప్రదర్శన ముందు రోజు ఒకమ్మాయి దాని మీద నల్లరంగు ఒంపేసింది. చూసినవాళ్లందరికీ నేరం స్పష్టంగా ఉంది. మధ్యవర్తి పిల్లలు మాత్రం నేర్పినట్టే "అంతకుముందు ఏం జరిగింది?" అని వెనక్కి వెళ్తూ పోయారు. మూడోసారి అడిగితే బయటపడింది: వంతెన కింద అంటించిన చీటీ మీద ఒక్క పేరే ఉంది. చీటీ రాసిన అమ్మాయి ముఖం అప్పుడు చూడాలి. తను పేరు మర్చిపోలేదు, చోటు చాలక తర్వాత రాద్దామనుకుంది. ఆ "తర్వాత" రాలేదు. నల్లరంగు పోసింది తప్పేనని రెండో అమ్మాయి ఎవరూ అడక్కుండానే అంది.

ఇక ఇద్దరూ చేతులు కలిపారని రాస్తే బాగుండేది. కలపలేదు. ఇకమీదట ఎవరి నమూనా వాళ్లు చేసుకుంటామని, ఒకరి గురించి ఒకరు వెనకాల మాట్లాడబోమని ఒప్పుకున్నారు. పాడైన వంతెనకు మళ్లీ రంగు వేయడంలో మాత్రం చీటీ రాసిన అమ్మాయికి రంగు పోసిన అమ్మాయి సాయం చేసింది. మధ్యవర్తి పాప బయటికొచ్చి, "ఫెయిలయ్యాం అంకుల్, ఇంకా కటీఫే" అని ఏడుపు ముఖం పెట్టింది. కటీఫ్ ఉన్నా ఫర్వాలేదని, కలిసి ఆడటం ఇష్టంలేని ఇద్దరు మర్యాదగా విడిగా ఉండటం కూడా పరిష్కారమేనని ఆ పాపకు నచ్చజెప్పడం వంతెన గొడవ కంటే కష్టమైంది.

మేం చేసిన పెద్ద తప్పు

వర్షాకాలంలో ఒక అబ్బాయి విషయంలో పొరపాటు చేశాం. వాడికంటే పెద్దవాళ్లు ముగ్గురు వారాల తరబడి వాడిని ఒక పేరు పెట్టి పిలుస్తూ, చెప్పులు దాచి ఏడిపిస్తున్నారు. మాకు తెలిశాక, కొత్తగా పద్ధతి నేర్చుకున్న ఉత్సాహంలో, నలుగుర్నీ మధ్యవర్తుల ముందు కూర్చోబెట్టాం. ఆ ముగ్గురూ చక్కగా మాట్లాడారు. అబ్బాయి తల వంచుకుని "నాకేం కావాలో తెలీదు" అన్నాడు. మాలో ఒకరు, పేరెందుకు, "ఒక చేత్తో చప్పట్లు మోగవు కదా నాన్నా" అని కూడా అన్నారు. తర్వాత మూడు ఆదివారాలు వాడు రాలేదు.

నిజానికి ఒక చేత్తో చప్పట్లు మోగవు గానీ చెంపదెబ్బ మోగుతుంది. నార్వేలో 1970ల నుంచీ దీని మీద పనిచేసిన పరిశోధకుడు డాన్ ఓల్వియస్ వేధింపుకు చెప్పిన గుర్తులు మూడు: హాని చేయాలన్న ఉద్దేశం, పదేపదే జరగడం, బలంలో తేడా. ఈ మూడూ ఉన్నచోట అది తగువు కాదు. తగువు కానప్పుడు రాజీ కుదర్చడమంటే బాధపడ్డవాడిని సగం తప్పు ఒప్పుకోమనడమే. ఇప్పుడు నియమం మార్చాం. ఒకరు ఇంకొకరికి భయపడుతున్నా, అదే పని మళ్లీ మళ్లీ జరుగుతున్నా, ఒంటి మీద చెయ్యి పడినా అది మధ్యవర్తుల దగ్గరికి వెళ్లదు. నేరుగా ఇద్దరు పెద్దలు చూసుకుంటారు, రెండు వైపులా విడివిడిగా మాట్లాడతారు. ఆ అబ్బాయి ఇంటికి అధ్యక్షులూ నేనూ వెళ్లి క్షమాపణ చెప్పాం. వాడు మళ్లీ వస్తున్నాడు. ఇంకా గుమ్మం దగ్గరే కూర్చుంటున్నాడు.

అక్టోబరు 2

ఐక్యరాజ్యసమితి 2007లో గాంధీ పుట్టినరోజును అంతర్జాతీయ అహింసా దినంగా ప్రకటించింది. దండ వేసి, నాలుగు మాటలు చెప్పి ఇళ్లకు వెళ్లడం మనకు అలవాటే. ఈసారి పిల్లలే అడ్డుపడ్డారు. "కొడుతుంటే ఊరుకోవడమేనా అహింస?" అని ఒకడు అడిగాడు. జవాబుగా జేమ్స్ లాసన్ కథ చెప్పాం. ఆయన గాంధీ పద్ధతుల్ని భారతదేశం వచ్చి చదువుకున్న అమెరికన్ నల్లజాతి పాస్టరు. 1959లో నాష్‌విల్‌లో విద్యార్థులకు శిక్షణ ఇచ్చాడు. నల్లవాళ్లకు వడ్డించని హోటళ్లలో కూర్చుని కదలకుండా ఉండాలి, అదీ వాళ్ల పోరాటం. అందుకు ముందే రిహార్సల్ చేశారు. సగం మంది దుండగుల వేషంలో తిట్టేవాళ్లు, తోసేవాళ్లు. మిగతా సగం చెయ్యెత్తకుండా, లేవకుండా ఉండటం సాధన చేసేవాళ్లు. 1960 ఫిబ్రవరిలో మొదలుపెడితే మే నెలలో ఆ ఊళ్లో కొన్ని హోటళ్లు దిగొచ్చాయి.

ఊరుకోవడానికీ, చెయ్యెత్తకుండా పట్టుబట్టడానికీ ఉన్న తేడా పిల్లలకు రిహార్సల్ అన్న మాట దగ్గర దొరికింది. ఆ రోజంతా అదే ఆడారు. ఒకడు "నీ బొమ్మ చెత్తగా ఉంది" అంటాడు, ఇంకొకడు ఏడవకుండా, తిరిగి తిట్టకుండా జవాబు చెప్పాలి. అన్నిటికంటే చప్పట్లు పడిన జవాబు: "నాకు నచ్చింది. నీకు నచ్చకపోతే అటు తిరుగు."

వేసవిలో రెండు జట్లు

ఆటల పోటీలకు రెండు జట్లు చేశాం. వారానికల్లా పేర్లు పెట్టుకుని తిట్టుకోవడం, జెండా చింపడం. కలిపి సినిమా చూపిద్దామన్నారు కొందరు. దీనికో పాత పాఠం ఉంది. 1954లో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వవేత్త అమెరికాలోని ఒక్లహోమాలో 22 మంది అబ్బాయిల్ని రెండు జట్లుగా శిబిరంలో పెట్టి, పోటీలతో వాళ్ల మధ్య వైరం పుట్టించాడు. ఊరికే ఒకచోట కూర్చోబెడితే వైరం తగ్గలేదు. నీళ్లు ఆగిపోవడం, లారీ మొరాయించడం లాంటి, రెండు జట్లూ కలిస్తేనే తీరే పనులు వరసగా పెట్టాక తగ్గింది. పిల్లలకు చెప్పకుండా చేసిన ఆ ప్రయోగాన్ని తర్వాత చాలామంది తప్పుపట్టారు, సబబే. మేం మాత్రం సినిమా మానేసి గ్రంథాలయం గది సర్దే పని రెండు జట్లకూ కలిపి అప్పగించాం. పని పూర్తయింది, తిట్లు చాలావరకు ఆగాయి, జెండా ఎవరు చింపారో ఇప్పటికీ తేలలేదు.

తల్లిదండ్రులు, తర్వాత మనం

తల్లిదండ్రుల సమావేశానికి వచ్చినవాళ్లు తక్కువ. ఇంట్లో కూడా పిల్లల్ని కొట్టకూడదని 1979లోనే స్వీడన్ చట్టం చేసిందని చెబితే వాడిగానే వాదన జరిగింది. "రెండు దెబ్బలు తింటేనే మేం బాగుపడ్డాం" అన్న మాట ముగ్గురి నోట వచ్చింది. 1961లో ఆల్బర్ట్ బండూరా చేసిన బొమ్మ ప్రయోగం చెప్పాం. పెద్దవాళ్లు బొమ్మను కొట్టడం చూసిన పిల్లల్లో చాలామంది అలాంటి బొమ్మనే అలాగే కొట్టారు, కొందరు అవే మాటలు కూడా అన్నారు. "బొమ్మే కదా" అన్నారొకాయన. నేను వాదించలేదు, ఎందుకంటే నాలుగు రోజుల ముందే నా బొమ్మ ఒకటి చూసి ఉన్నాను.

పార్కింగ్ మీద జరిగిన ప్రత్యేక సమావేశం మీకు గుర్తుండే ఉంటుంది. కిటికీల అవతల పిల్లలు ఆడుకుంటున్నారు. ఆ ఆదివారం నాటకం వేస్తామన్నారు. ఐదుగురు కుర్చీలు వేసుకున్నారు. ఒకడు వేలు చూపిస్తూ లేచాడు, ఒకతి "నన్నడిగారా?" అంది, ఇంకొకడు "ఇరవయ్యేళ్ల నుంచీ ఉంటున్నాం ఇక్కడ" అన్నాడు. చివరగా ఒక పిల్లాడు కాగితాన్ని చుట్టగా చుట్టి బల్ల మీద టపటపా బాదుతూ "సైలెన్స్! సైలెన్స్!" అని అరిచాడు. అందరూ పగలబడి నవ్వారు. నాకు రెండు క్షణాలు పట్టింది, ఆ కాగితం చుట్ట నాదని.

మిగతా పనులు

గ్రంథాలయం వారానికి నాలుగు రోజులు తెరుస్తున్నాం. హాలు పైకప్పు మరమ్మతు పూర్తయింది. జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో వేరుగా జతచేశాం. పార్కింగ్ సమస్య అలాగే ఉంది.

వచ్చే ఏడాదికి మధ్యవర్తుల రెండో బృందాన్ని తయారుచేయాలి. వేధింపు విషయాలు చూసుకునే ఇద్దరు పెద్దలకు బయటి నుంచి సరైన శిక్షణ ఇప్పించాలి, ఇది మనంతట మనం నేర్చుకునే పని కాదని తేలింది. ఆటస్థలం వేళల మీద కమిటీ కూర్చున్నప్పుడు ఇద్దరు పిల్లలకు మాట్లాడే అవకాశం ఉండాలని ప్రతిపాదిస్తున్నాం. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలని 1989 బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం ఎలాగూ చెబుతోంది.

పిల్లలు రాతపూర్వకంగా ఇంకొకటి అడిగారు, కమిటీ ఒప్పుకుంది. ఈ సర్వసభ్య సమావేశంలో ఇద్దరు మధ్యవర్తులు ముందు వరసలో కూర్చుంటారు. ఎవరైనా "ఎప్పుడూ ఇంతే" అన్నా, "కావాలనే" అన్నా కుర్చీ చేతి మీద టక్‌మని కొడతారు. కాగితం చుట్ట నా దగ్గర నుంచి ఇప్పటికే తీసేసుకున్నారు.

ఇట్లు,
కార్యదర్శి