లీగ్ టాపర్ ఓడితే శాపం అనేయడమేనా?

సంపాదకులకు నమస్కారం.

ఐస్ హాకీ గురించి తెలుగు పత్రికల్లో వచ్చేదే తక్కువ. ఎప్పుడో ఒకసారి నాలుగు లైన్లు వేస్తారు, ఆ నాలుగు లైన్లలోనూ లీగ్ దశలో దుమ్మురేపిన జట్టు ప్లేఆఫ్స్‌లో చతికిలపడిందనే ఉంటుంది. నేనుండేది టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో, డాలస్ స్టార్స్ హాకీ జట్టు ప్రాక్టీసు చేసుకునేది మా ఊళ్లోనే, అందుకని ఈ పిచ్చి నాకూ అంటుకుంది. ఏటా ఏప్రిల్ వచ్చేసరికి ఇక్కడ అందరూ అడిగేది ఒకటే: ఏడాదంతా అందర్నీ ఉతికి ఆరేసిన టీమ్ కప్పు కొడుతుందా? కొట్టగలదు. కానీ దాని మీద పందెం కాయమంటే మాత్రం నేను కాయను. ఈ రెండూ వేర్వేరు సంగతులని గుర్తుంచుకుంటే 'శాపం' లాంటి మాటలు మన పేజీల్లోకి రావు.

లెక్క చూడండి. ఇక్కడి పెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో లీగ్ దశ ముగిశాక ఎక్కువ పాయింట్లున్న జట్టుకి ప్రెసిడెంట్స్ ట్రోఫీ ఇస్తారు, 1985-86 నుంచి ఇస్తున్నారు. 2004-05 సీజన్ జీతాల గొడవతో యాజమాన్యాలు పెట్టిన లాకౌట్‌లో కొట్టుకుపోయింది కాబట్టి 2025 వరకు మొత్తం 39 సీజన్లు. అందులో ఆ ట్రోఫీతో పాటు ప్లేఆఫ్స్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ కూడా ఎత్తినవాళ్లు 8 సార్లే, చివరగా 2013లో షికాగో. ఆ తర్వాత పన్నెండేళ్లలో ఒక్కరూ లేరు, అందుకే శాపం అంటున్నారు. సరే, ప్లేఆఫ్స్‌కి వచ్చే 16 జట్ల పేర్లు చీటీల మీద రాసి లాటరీ తీస్తే టాపర్ పేరు 39 సార్లలో రెండు మూడుసార్లు వస్తే గొప్ప. వచ్చింది ఎనిమిది. దీన్ని శాపం అంటే ఎలాగండీ?

మరి ఇంకా ఎక్కువసార్లు ఎందుకు గెలవరంటే, ఏడేసి మ్యాచ్‌ల సిరీస్‌లు (ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లది సిరీస్) వరసగా నాలుగు గెలవాలి. ఒక్కో సిరీస్‌లో టాపర్ గెలుపు అవకాశం నూటికి 70 అనుకుందాం, నిజానికి ఇది చాలా ఉదారంగా వేసిన అంకె, అయినా నాలుగూ కలిపేసరికి 24కి పడిపోతుంది. పైగా అక్కడ ఆట కూడా వేరు. లీగ్‌లో స్కోరు సమమైతే ముగ్గురితో ముగ్గురు ఆడే ఓవర్‌టైమ్, అదీ తేలకపోతే షూటౌట్. ప్లేఆఫ్స్‌లో అవేం లేవు, ఐదుగురితో ఐదుగురు, గోల్ పడేదాకా ఆడాల్సిందే. లీగ్‌లో ఇవాళ ఒక ఊళ్లో రేపు ఇంకో ఊళ్లో అలసిపోయి, రెండో గోల్‌కీపర్‌ని నిలబెట్టిన జట్ల మీద కూడా పాయింట్లు వస్తాయి. ప్లేఆఫ్స్‌లో ఎదురుగా రెండు వారాల పాటు అదే జట్టు, అదే గోల్‌కీపర్.

ఆ గోల్‌కీపర్ సెర్గీ బాబ్రోవ్‌స్కీ అయితే ఇక చెప్పక్కర్లేదు. 2019లో 62 విజయాలు, 128 పాయింట్లతో వచ్చిన టాంపా బేని కొలంబస్ 4-0తో ఇంటికి పంపినప్పుడు కొలంబస్ గోల్ ముందు నిలబడింది ఇతనే. 2023లో బోస్టన్ 65 విజయాలు, 135 పాయింట్లు, లీగ్ చరిత్రలోనే ఎవరికీ లేనన్ని, తొలి రౌండులో ఫ్లోరిడా మీద 3-1 ఆధిక్యం కూడా. బాబ్రోవ్‌స్కీ అప్పటికి ఫ్లోరిడా ఆటగాడు, సిరీస్ మధ్యలో ఇతన్ని మళ్లీ గోల్‌లోకి తెచ్చిన ఫ్లోరిడా మిగతా మూడూ గెలిచింది. ఏడో మ్యాచ్‌లో చివరి నిమిషం దాకా బోస్టనే 3-2తో ముందుంది, ఫ్లోరిడా ఆటగాడు మాంటూర్ సమం చేశాడు, ఓవర్‌టైమ్‌లో అదే జట్టు వెర్హేగీ గెలుపు గోల్ కొట్టేశాడు. 2024లో టాపర్ న్యూయార్క్ రేంజర్స్‌ది కూడా అదే కథ, ఎదురుగా అదే మనిషి. అలాగని ఇతనుంటే చాలనుకోకండి, 2022లో ఫ్లోరిడాయే టాపర్, ఇతనే గోల్‌కీపర్, రెండో రౌండులో టాంపా చేతిలో 4-0!

2025 టాపర్ విన్నిపెగ్ జెట్స్. లీగ్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు వాళ్ల గోల్‌కీపర్ హెలబక్‌దే. తొలి రౌండులోనే ఏడో మ్యాచ్ చివరి మూడు సెకన్లలో స్కోరు సమం చేసి ఎలాగో గట్టెక్కారు. రెండో రౌండులో మా డాలస్‌తో. ఆరో మ్యాచ్ ముందు రాత్రి విన్నిపెగ్ ఆటగాడు మార్క్ షైఫిలీ తండ్రి ఉన్నట్టుండి చనిపోయారు. అయినా అతను ఆడాడు, జట్టుకి తొలి గోల్ కొట్టాడు కూడా. స్కోరు 1-1, ఆట ఇంకా 15 సెకన్లు కూడా లేదు, డాలస్ ఆటగాడు గోల్ వైపు దూసుకుపోతుంటే వెనక నుంచి పడగొట్టి ఆపింది షైఫిలీయే. పెనాల్టీ, అంటే అతను కాసేపు బయట కూర్చోవాలి, జట్టు ఒకరు తక్కువతో ఆడాలి. అతను పెనాల్టీ బాక్సులో కూర్చుని ఉండగానే ఓవర్‌టైమ్ రెండో నిమిషంలో డాలస్ ఆటగాడు హార్లీ గోల్ కొట్టాడు, జెట్స్ సీజన్ అక్కడితో సరి. మా ఇంట్లో అందరం స్టార్స్ అభిమానులమే, గెలిచామని అరవబోయి స్క్రీన్ మీద అతని మొహం చూసి ఆగిపోయాం. తర్వాత చేతులు కలిపే వరసలో మా వాళ్లే అతన్ని పట్టుకుని ఓదార్చారు. 82 మ్యాచ్‌లు ఆడి సంపాదించుకున్న 116 పాయింట్లలో ఇలాంటి రాత్రికి ఏ సర్దుబాటూ లేదు. ఆ జట్టుని పట్టుకుని ఒత్తిడికి చిత్తయిందని రాస్తే నాకు మండుతుంది.

మనకి ఇదేం కొత్త కాదు కదా. 2009 ఐపీఎల్‌లో లీగ్ టాపర్ ఢిల్లీ, డెక్కన్ చార్జర్స్ నాలుగో స్థానం. సెమీస్‌లో గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టాడు, ఢిల్లీ ఇంటికి, కప్పు హైదరాబాద్‌కి. ఆ తర్వాత 2011 నుంచి ఐపీఎల్ మొదటి రెండు స్థానాల వాళ్లకి ఒకసారి ఓడినా ఇంకో అవకాశం ఇచ్చే పద్ధతి పెట్టుకుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో టాపర్‌కి దక్కేదల్లా ఏడో మ్యాచ్ సొంత ఊళ్లో ఆడటం, బోస్టన్‌కి అది ఎంత పనికొచ్చిందో పైన చెప్పాను.

టాంపా వాళ్లు ఆ 4-0 తర్వాత కోచ్‌ని పీకలేదు, జట్టులోని పెద్ద స్టార్లని వదులుకోలేదు. 2020లో కప్పు, 2021లో మళ్లీ కప్పు, ఆ రెండేళ్లూ లీగ్ టాపర్ వాళ్లు కాదు.

టాపర్ గెలిచిన సందర్భం చెప్పమంటే నాకు ముందు గుర్తొచ్చేది మా డాలస్సే, 1999. బఫెలోతో ఆరో మ్యాచ్, మూడో ఓవర్‌టైమ్ దాకా సాగింది, బ్రెట్ హల్ కొట్టిన గోల్‌తో కప్పు వచ్చింది. ఆ గోల్ పడినప్పుడు అతని స్కేటు గోల్ ముందుండే నీలం రంగు గడి లోపల ఉంది, అప్పటి రూలు ప్రకారం అది చెల్లదని బఫెలో వాళ్లు ఇప్పటికీ గొడవపడతారు. చెల్లుతుందని మేమూ అంతే గట్టిగా వాదిస్తాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఫ్రిస్కో, టెక్సాస్