పిల్లలకూ ఒక స్టాకు రిజిస్టరు ఇవ్వండి

సంపాదకుడి గారికి నమస్కారం.

జూన్ 12న బడులు తెరుస్తారు. తెరిచిన కొద్ది రోజులకే ప్రార్థన సమయంలో ‘ప్రజా ఆస్తులను కాపాడుదాం’ అని పిల్లల చేత చెప్పించడం, వ్యాసరచన పోటీ పెట్టడం, ఆ ఫొటో పత్రికలకు పంపడం మామూలే. ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన వాణ్ని. అలాంటి ఫొటోల్లో నేనూ ఉన్నాను.

ఒకసారి తొమ్మిదో తరగతి సాంఘిక శాస్త్రం పరీక్షకు కాపలా ఉన్నాను. ప్రాథమిక విధుల మీద ప్రశ్న. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన 51-ఎ అధికరణంలో ప్రజల ఆస్తిని కాపాడడం వరుసలో తొమ్మిదోది. చివరి వరుసలో కూర్చున్న కుర్రాడు దాన్ని తప్పు లేకుండా రాశాడు. రాసేశాక గంట కొట్టేదాకా పనేమీ లేదు కదా! కంపాసు ముల్లు తీసి, డెస్కు మీద తన పేరులోని మొదటి అక్షరాన్ని ఇంకాస్త లోతు చేయడం మొదలుపెట్టాడు. రాలిన పొట్టు జవాబుపత్రం మీద పడకుండా నోటితో ఊదుకుంటున్నాడు. కాగితం మీద అంత శ్రద్ధ! ఆ కాగితం తనది, డెస్కు సర్కారుది.

వాణ్ని తిట్టాను. తిట్టినందుకు ఇప్పుడు కొంచెం సిగ్గుపడుతున్నాను. ఎందుకంటే అదే ఏడాది మా బడిలో ఒక కుళాయి కథ నడిచింది. మధ్యాహ్న భోజనం తర్వాత పళ్లేలు కడిగే చోట వరసగా ఉన్న కుళాయిల్లో ఒకటి కారడం మొదలైంది. అరిగిపోయింది వాషరు, అంతే. పది రూపాయల పని. కానీ ఎవరు చెయ్యాలి, బిల్లు ఏ పద్దు కింద రాయాలి అని ఉత్తరాలు తిరిగాయి. దానికి గుడ్డ కట్టారు. మూడు నెలలు అలాగే ఉంది. ఈలోగా పక్క కుళాయి పిడి ఎవరో విరిచేశారు, ఆ తర్వాత మూడోది పోయింది. విరిచిన వాళ్లను పట్టుకోవడానికి మేం పడిన తాపత్రయంలో పదో వంతు వాషరు కోసం పడి ఉంటే ఆ రెండూ మిగిలేవి. పాడైంది పాడైనట్టే ఉంటుందని, పెద్దవాళ్లకు కూడా అది పట్టదని మూడు నెలల పాటు రోజూ పాఠం చెప్పింది మేమే.

చివరికి ఇంట్లోంచి పానా తెచ్చి, అల్లరికి పేరుపడ్డ నలుగురు ఎనిమిదో తరగతి పిల్లలను వెంటబెట్టుకుని నేనే కూర్చున్నాను. కుళాయి మరకు టేపు ఏ దిక్కుకు చుట్టాలో, నీళ్లు ఎక్కడ ఆపాలో చూపించాను. రెండో కుళాయి వాళ్లే బిగించారు. ఆ తర్వాత బడి మారిపోయిందని చెప్పను. పది రోజులకే ఇంకొకటి విరిగింది. కాకపోతే ఈసారి, ‘మేం బిగించిందాన్ని ఎవడు విరిచాడు’ అంటూ ఆ నలుగురే తరగతి తరగతికీ తిరిగారు. ఆ కోపం నా ఉపన్యాసాలకు ఎన్నడూ రాలేదు.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. మన ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు అనే సర్కారు బడుల బాగుచేత పథకం తొలి విడతలో 15,715 బడులకు పంకాలు, ఆకుపచ్చ బోర్డులు, కొత్త డెస్కులు, నీళ్లు వచ్చే మరుగుదొడ్లు సమకూర్చారు. 2021లో, పిల్లలను బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చిన అమ్మఒడి సొమ్ములోంచి తల్లికి 1,000 రూపాయల చొప్పున మరుగుదొడ్ల నిర్వహణకు తీసిపెట్టారు కూడా. అంటే అక్కడి తలుపు గడియలో పిల్లవాడి అమ్మ డబ్బు ఉంది. ఈ మాట ఎంతమంది పిల్లలకు చెప్పాం?

పెద్దల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. బడి ప్రహరీ మీద పోస్టర్లు అంటించేది పిల్లలు కాదు. రాత్రిపూట బడి ఆవరణలో సీసాలు పగలగొట్టేదీ పిల్లలు కాదు. పొద్దున్నే ఆ గాజుముక్కలు ఏరుకుని ఆటకు దిగేది మాత్రం వాళ్లే. ఎన్నికలకు గదులు తీసుకుని, డెస్కులు వరండాలోకి విసిరేసి, గోడల నిండా జిగురు కాగితాలు వదిలి వెళ్లేవాళ్ల గురించి ఎవరైనా వ్యాసరచన పోటీ పెడితే బాగుండు.

జపాను పిల్లలు తమ బడి తామే ఊడ్చుకుంటారన్న వీడియోలు ఫోన్లలో తిరుగుతుంటాయి. మంచి పద్ధతే. అయితే మన దగ్గర చీపురు ఎవరి చేతికి వెళ్తుందో నేను కళ్లారా చూశాను: ముందు ఆడపిల్లల చేతికి, ఆ తర్వాత ఊరి చివరి వాడ నుంచి వచ్చే పిల్లల చేతికి. ‘నువ్వు బాగా ఊడుస్తావమ్మా’ అన్న మెచ్చుకోలు ఎప్పుడూ ఒకే ఇద్దరు ముగ్గురికి దక్కుతుంది. పని పంచాలంటే హాజరుపట్టీ వరుసలో, ఒక్కరినీ వదలకుండా పంచాలి. మరుగుదొడ్లు కడిగించడం మాత్రం ఎవరి చేతా కూడదు. దానికి జీతం ఇచ్చి మనిషిని పెట్టాలి. అలాగే ‘ఎవరు విరిచారో చెప్పేదాకా అందరికీ జరిమానా’ అనే పద్ధతీ కూడదు. ఆ రూపాయలు పేదవాడి ఇంట్లోంచే వస్తాయి, చాడీలు చెప్పడం అందరికీ అలవాటవుతుంది.

నేను అడిగేది చిన్నది. బదిలీ అయిన ఉపాధ్యాయుడు ఛార్జి అప్పగించేటప్పుడు స్టాకు రిజిస్టరులో ప్రతి వస్తువూ లెక్కచూసి సంతకం పెడతాడు. ఈ జూన్‌లో ప్రతి తరగతికీ అలాంటిదే ఒకటి ఇవ్వండి. మామూలు తెల్లకాగితాల పుస్తకం చాలు. డెస్కులు ఎన్ని, పంకాలు ఎన్ని, కిటికీ అద్దాలు ఎన్ని, ఏది ఇప్పటికే విరిగి ఉంది, అన్నీ పిల్లలే లెక్కించి రాసుకుని సంతకాలు పెట్టాలి. ఏప్రిల్‌లో వెళ్లేముందు వచ్చే ఏడాది తరగతికి అప్పగించాలి. ఏదైనా పాడైతే తేదీ వేసి రాయాలి. దాని ఎదురుగా బాగుచేసిన తేదీ ప్రధానోపాధ్యాయుడు రాయాలి. పిల్లలు మాకూ మార్కులు వేసినట్టవుతుంది, వెయ్యనివ్వండి. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద 251 నుంచి 1,000 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 75,000 రూపాయల గ్రాంటు ఉంది. అది బడి తెరిచే నాటికే చేతికి వస్తే, వాషరు కోసం ఎవరికీ ఉత్తరం రాయనక్కర్లేదు. విద్యాశాఖ అధికారులు ఆలోచించాలని కోరుతున్నాను.

పానా నా దగ్గరే ఉంది. మా చుట్టుపక్కల బడుల వాళ్లు ఎవరైనా కబురు పెడితే వస్తాను.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బాపట్ల జిల్లా