మెథడోన్ వాడేవాళ్ల మనసు సంగతి కూడా రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం,

మత్తు మాన్పించే సెంటర్ల మీద మీరేసిన వార్తలో, హెరాయిన్ అలవాటు మాన్పించడానికి ఇచ్చే మెథడోన్ అనే మందు అంటే ఒక మత్తు తీసి ఇంకో మత్తు పెట్టడమే అన్నట్టు రాశారు. నేను న్యూజెర్సీలో ఫార్మసీలో పనిచేస్తా, మా బంధువులబ్బాయి ఒకడు ఏళ్లుగా ఆ మందు మీదే ఉన్నాడు, అందుకే ఊరుకోలేక రాస్తున్నా.

1960ల మధ్యలో న్యూయార్క్‌లో డోల్, నైస్వాండర్ అనే డాక్టర్లు మొదలుపెట్టిన వైద్యం ఇది. హెరాయిన్ గంటల్లో దిగిపోతుంది, మెథడోన్ రోజు పైనే ఒంట్లో ఉంటుంది, డోస్ కుదిరితే కిక్కూ ఉండదు వణుకూ ఉండదు, మనిషి ఉద్యోగానికి పోతాడు, పిల్లల్ని స్కూల్లో దింపుతాడు. చావులు బాగా తగ్గుతాయి, ఇందులో అనుమానమేం లేదు.

అలాగని మనసు మీద ఏ ఎఫెక్టూ లేదని అనను. ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరు సంతోషం రావట్లేదు, ఏడుపూ రావట్లేదు అంటారు. మగవాళ్లలో టెస్టోస్టెరాన్ అనే హార్మోన్ పడిపోవచ్చు, దాంతో నీరసం, దిగులు, భార్య మీద కోరిక లేకపోవడం, సిగ్గుతో డాక్టరుకి కూడా చెప్పరు. కొందరికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడుతుంది, పగలు తూగుతుంటే ఇంట్లోవాళ్లేమో మళ్లీ ఏదో కొట్టాడు అనుకుంటారు. చాలామందికి డిప్రెషన్ ముందునుంచే ఉంటుంది, హెరాయిన్‌తో కప్పేసుకున్నదంతా ఇప్పుడు బయటపడుతుంది, నింద మాత్రం మందు మీద పడుతుంది.

వీటన్నిటికన్నా నాకు ఎక్కువ కనపడేది భయం. మందు క్లినిక్‌కి వెళ్లే తీసుకోవాలి కాబట్టి, ఊరెళ్తే డోస్ ఎట్లా, క్లినిక్ మూస్తే ఎట్లా అని. మావాడు వాళ్ల అమ్మమ్మ పోయినా ఇండియా రాలేకపోయాడు. ఇక్కడ అమెరికాలో 2020లో కోవిడ్ వల్ల నిలకడగా ఉన్నవాళ్లకి 28 రోజుల మందు ఇంటికివ్వొచ్చన్నారు, 2024లో ఆ సడలింపు పర్మనెంట్ చేశారు, కానీ ఇవ్వాలా వద్దా అన్నది ఇప్పటికీ క్లినిక్ చేతిలోనే.

మన దేశంలో ఇలాంటి వైద్యానికి ఎక్కువ వాడేది బ్యూప్రెనార్ఫిన్ అనే ఇంకో మందు, పంజాబ్‌లో 2017 నుంచి దీనికోసం క్లినిక్కులున్నాయి. ఎక్కడ పెట్టినా మందిచ్చే కౌంటర్ పక్కనే కౌన్సెలర్ ఉండాలి, ఏడాదికోసారి హార్మోన్, నిద్ర టెస్టులు అడగకుండానే చేయాలి. మీ వార్త చదివి ఎవరో తల్లి కొడుకుతో మందు ఒక్కసారిగా మాన్పించేస్తే ఏంటి పరిస్థితి? మానేశాక ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, మళ్లీ పాత మోతాదు హెరాయిన్ తీసుకుంటే ప్రాణమే పోవచ్చు. కాబట్టి ఇంకోసారి ఇలాంటి వార్త వేసినప్పుడు దాని కింద కేంద్రం వాళ్ల డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ నంబర్ 14446 కూడా వేయండి.

– ఒక పాఠకుడు, న్యూజెర్సీ