స్కౌట్ ప్రతిజ్ఞలో నాయకుడి పేరు లేదు

సంపాదకులకు నమస్కారం.

నవంబరు 7 భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థాపన దినం. ఏటా ఆ రోజున పిల్లలు అధికారుల దగ్గరికి, ప్రజాప్రతినిధుల దగ్గరికి వెళ్లి చొక్కా జేబు మీద చిన్న స్టిక్కరు అతికించి, వారిచ్చిన డబ్బు సంస్థకు జమచేస్తారు. మరునాడు జిల్లా పేజీల్లో ఆ ఫొటోలు వస్తాయి. ఆ ఫొటోల్లో మధ్యన నిలబడే నాయకులకూ చుట్టూ నిలబడే పిల్లలకూ ఉండవలసిన సంబంధం ఏమిటన్న విషయమై, ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిగా, స్కౌట్ మాస్టర్‌గా పనిచేసి పదవీ విరమణ చేసిన నేను కొన్ని మాటలు చెప్పదలిచాను.

మన స్కౌట్ చేసే ప్రతిజ్ఞ చాలా చిన్నది. దేవుని పట్ల, దేశం పట్ల నా విధిని శక్తివంచన లేకుండా నిర్వర్తిస్తాననీ, ఇతరులకు సహాయపడతాననీ, స్కౌట్ నియమాన్ని పాటిస్తాననీ ఆత్మగౌరవం సాక్షిగా చెప్పడమే అందులోని సారం. దేవుడన్న చోట ధర్మం అని చెప్పుకోవడానికీ వీలుంది. అందులో ప్రభుత్వం పేరు గానీ, ప్రధాని పేరు గానీ, ముఖ్యమంత్రి పేరు గానీ లేదు. ఆ పేర్లు లేకపోవడం యాదృచ్ఛికం కాదు. మన దేశంలో ఆ ప్రతిజ్ఞ ఈ రూపానికి రావడం వెనుక జాతీయ నాయకుల దశాబ్దాల పట్టుదల ఉంది.

1909లో బెంగళూరులో స్కౌటింగ్ మొదలైనప్పుడు అది యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ బాలుర కోసమే మొదలైంది. భారతీయ బాలురకు అందులో చోటు లేదు. ఆ తలుపు తెరిపించడానికి ప్రయత్నించినవారిలో ఇద్దరు, అనిబిసెంట్, మదన్ మోహన్ మాలవీయ, కాంగ్రెస్ అధ్యక్ష పదవిని అధిష్ఠించినవారే కావడం గమనించదగ్గది. అనిబిసెంట్ 1916లో మద్రాసు కేంద్రంగా భారతీయ బాలుర కోసం వేరే స్కౌట్ సంఘం స్థాపించారు. ఆ పిల్లలు విదేశీ టోపీకి బదులు తలపాగా చుట్టుకున్నారు. ఉత్తరాదిన మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ 1918లో సేవా సమితి స్కౌట్ సంఘాన్ని నెలకొల్పారు. స్కౌటింగ్ వ్యవస్థాపకుడు బేడెన్ పావెల్ 1921లో మన దేశానికి వచ్చిన తరువాత బిసెంట్ సంఘం ఆయన సంస్థలో కలిసిపోయింది కానీ సేవా సమితి కలవలేదు. బ్రిటిష్ ప్రతిజ్ఞలో దేవుని పక్కన రాజు ఉండేవాడు. పరాయి రాజుకు కట్టుబడి ఉంటానని భారతీయ బాలుడి చేత చెప్పించడం సేవా సమితి నాయకులకు సమ్మతం కాలేదు. ఆ తరువాత 1937 పర్యటన దరిమిలా భారతీయుల గురించి బేడెన్ పావెల్ చేసిన వ్యాఖ్యలు ఆగ్రహం రేపగా, 1938లో హిందుస్థాన్ స్కౌట్ సంఘం ఏర్పడింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఒకే రకం చొక్కా తొడుక్కున్న పిల్లలు వేర్వేరు సంఘాలుగా చీలి ఉన్నారు.

ప్రధాని నెహ్రూ, విద్యామంత్రి మౌలానా ఆజాద్, మంగళదాస్ పక్వాసా, న్యాయమూర్తి వివియన్ బోస్, కుంజ్రూ వంటివారు పూనుకొని ఆ చీలికను పూడ్చారు. 1950 నవంబరు 7న బాలుర సంఘాలు ఒక్కటయ్యాయి, మరుసటి ఏడాది ఆగస్టు 15న గర్ల్ గైడ్స్ సంఘం వచ్చి చేరింది. ఇక్కడ నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది వారి మంచితనం గురించి కాదు, వారు చేయకుండా వదిలిపెట్టిన పని గురించి. స్వాతంత్ర్య పోరాటంలో గెలిచిన పార్టీ, అప్పటికి దాదాపు ఎదురులేని పార్టీ, దేశమంతటా పల్లెపల్లెలో ఉన్న ఈ బాలబాలికలను తన యువజన విభాగంగా మార్చుకోదలిస్తే అడ్డుకోగలవారు ఎవరున్నారు? అయినా వారు ఆ పని చేయలేదు. ఇది స్వచ్ఛందమైన, రాజకీయాలకు అతీతమైన విద్యా ఉద్యమమని సంస్థ తన గురించి తానే రాసుకుంది. కుంజ్రూ విషయానికి వస్తే, ఆయన ఆ తరువాత జాతీయ కమిషనర్‌గానూ సేవ చేశారు. బిరుదులకు వ్యతిరేకంగా రాజ్యాంగ సభలో తాను తీసుకున్న వైఖరికి కట్టుబడి, 1968లో తనకు భారతరత్న ఇవ్వజూపితే వద్దన్న మనిషి ఆయన. స్కౌట్ నియమాల మీద ఉపన్యసించేవారు దొరుకుతారు గానీ, వాటిని ఇలా జీవితంలో చూపినవారు అరుదు.

ఇతర దేశాల్లో ఇందుకు భిన్నంగా జరిగింది. వ్యక్తిపూజ మీద నిలబడదలచిన పాలకులు కొందరు స్కౌట్ దళాలను రద్దుచేశారు. ఇటలీలో ముస్సోలినీ బాలిల్లా అనే తన బాలల సంస్థ కోసం 1928 నాటికి కాథలిక్ స్కౌట్లను మూయించాడు. జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చిన కొద్దికాలానికే స్కౌట్ సంఘాలు పోయి, పిల్లలు ఆ నాయకుడి పేరుతోనే ఉన్న సంస్థలో అతని పేర ప్రమాణం చేయవలసి వచ్చింది. సోవియట్ రష్యాలో 1922లో పయనీర్లనే కమ్యూనిస్టు బాలల దళాలను ఏర్పాటుచేసినప్పుడు లెనిన్ భార్య క్రూప్స్కయా స్కౌటింగ్ పద్ధతులు పిల్లలను ఆకట్టుకుంటాయని గ్రహించి, వాటిని తీసుకోవాలని సూచించారు. సిద్ధంగా ఉండాలన్న స్కౌట్ నినాదం సైతం కొద్ది మార్పుతో అక్కడికి చేరింది. గుడారం, జెండా, మెడలో కట్టుకునే గుడ్డ, క్రమశిక్షణ అన్నీ అవే, మారిందల్లా పిల్లవాడు ఎవరికి కట్టుబడి ఉండాలన్నది మాత్రమే.

నియంతృత్వ దేశాల సంగతి మనకెందుకని ఎవరైనా అనవచ్చు. అటువంటివారు 2017 జులై 24న అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో జరిగింది ఒకసారి గుర్తుచేసుకోవాలి. అమెరికా అధ్యక్షుడు ఆ దేశపు స్కౌట్ సంస్థకు గౌరవాధ్యక్షుడిగా ఉండడం 1910 నుంచీ వస్తున్న ఆనవాయితీ. 1937లో మొదటి జాతీయ జాంబొరీ, అంటే స్కౌట్ల మహామేళా, జరిగినప్పటి నుంచీ పదవిలో ఉన్న అధ్యక్షుణ్ని ఆహ్వానించడం కూడా ఉంది. ఆ మర్యాద ప్రకారమే వచ్చిన డొనాల్డ్ ట్రంప్, స్కౌట్ల ముందు రాజకీయాలు ఎవరు మాట్లాడతారంటూనే మొదలుపెట్టి, తాను గెలిచిన రాత్రి ఏ రాష్ట్రం ఎటు మొగ్గిందో వర్ణించారు, పత్రికలను తూలనాడారు, తనకు ముందున్న అధ్యక్షుడు జాంబొరీకి వచ్చాడా అని పిల్లలనే అడిగారు. స్కౌట్ నియమాల్లోని విధేయత ప్రస్తావన రాగానే, అది మరికాస్త ఉంటే బాగుండునని తన రాజకీయాలకు ముడిపెట్టారు. పిల్లల్లో చాలామంది కేరింతలు కొట్టారు, మరి పిల్లలు కొట్టరా? మూడు రోజుల తరువాత సంస్థ ప్రధాన కార్యనిర్వహణాధికారి మైకేల్ సర్‌బా, జాంబొరీలోకి రాజకీయ ప్రసంగం చొరబడినందుకు నొచ్చుకున్నవారికి క్షమాపణ చెప్పారు. మాట్లాడింది అధ్యక్షుడు, క్షమాపణ చెప్పింది ఆహ్వానించిన సంస్థ! అదే దేశంలో స్కౌటింగ్‌లో అత్యున్నతమైన ఈగిల్ స్థాయిని చిన్ననాడే అందుకున్న మాజీ అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ అంత్యక్రియలకు 2007 జనవరిలో గ్రాండ్ రాపిడ్స్‌లో వందల మంది ఈగిల్ స్కౌట్లు దారి పొడుగునా బారులు తీరి నిలబడ్డారు. వారు వచ్చింది తమలో ఒకడిని సాగనంపడానికి.

మన దగ్గర ఇంత బాహాటంగా జరగకపోవచ్చు, జరిగేది నెమ్మదిగా, అలవాటు రూపంలో జరుగుతుంది. నేను చూసినదొకటి చెబుతాను. ఒక ప్రారంభోత్సవానికి పెద్ద నాయకుడు వస్తున్నారనీ, స్కౌట్లను, గైడ్లను పంపమనీ పై నుంచి మాట వచ్చింది. పిల్లలు ఉదయం నుంచే యూనిఫాంలో రోడ్డుకు ఇరువైపులా తాడు పట్టుకొని నిలబడ్డారు. మజ్జిగ ప్యాకెట్లు వేదిక దగ్గర ఉన్నవారికే సరిపోయాయి. ఈలోగా ఒక కార్యకర్త నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, ఈ పిల్లల మెడలో స్కార్ఫులు అవతలి పార్టీ రంగులో ఉన్నాయి, సార్ చూస్తే బాగోదు, కాసేపు తీయించండి" అన్నాడు. ఆ రంగు మా ట్రూప్ ఏళ్ల కిందట ఎంచుకున్నది, అప్పటికి ఆ పార్టీ సంగతే ఎవరికీ పట్టలేదు. స్కార్ఫు తీస్తే అది స్కౌట్ యూనిఫాం కాదని చెప్పాను. దాంతో పిల్లలను వెనక వరసలోకి పంపించారు. నాయకుడు మధ్యాహ్నం దాటాక వచ్చారు. పిల్లల జట్టు నాయకుడు (పెట్రోల్ లీడరు) తనకు నేర్పిన ప్రకారం మూడు వేళ్లతో సెల్యూట్ చేసి ఎడమచేయి చాచాడు. పక్కనున్నవారు మర్యాద తెలియదా అని కుర్రవాణ్ని గదమాయించి కుడిచేయి ముందుకు పెట్టించారు. స్కౌట్లు ఎడమచేత్తో కరచాలనం చేస్తారని ఆ వేదిక మీద ఒక్కరికీ తెలియదు. తెలియకపోవడం నేరమేమీ కాదు, అడగకపోవడమే నాకు బాధ కలిగించింది.

తొమ్మిది స్కౌట్ నియమాల్లో క్రమశిక్షణ ఒకటి. ప్రజల ఆస్తిని కాపాడడంలో తోడ్పడటం కూడా అదే నియమంలో ఉంది. అయితే ఆ క్రమశిక్షణను చూసే మన నాయకులకూ, వారిని మెప్పించాలనుకునే అధికారులకూ స్కౌట్లు జీతం లేని వలంటీర్లుగా కనిపిస్తున్నారు. నీతి, ధైర్యం, పొదుపు, అందరితో స్నేహం అనే తక్కిన నియమాలు ఎవరికీ అక్కర్లేదు. పుష్కరాల రేవులో తప్పిపోయిన పిల్లలను తల్లిదండ్రులకు అప్పగించడానికో, వరద సహాయ శిబిరంలో భోజనాలు వడ్డించడానికో పంపితే ఏ స్కౌట్ మాస్టరూ అభ్యంతరం చెప్పడు, అది సేవే. స్వాగత తోరణం కింద కొయ్యబొమ్మల్లా నిలబెట్టడం సేవ కాదు.

రాజకీయ నాయకులు ఈ ఉద్యమం వైపు రాకూడదని నా వాదన కాదు. రాష్ట్రపతి ఈ సంస్థకు పోషకులు, రాష్ట్రపతి పురస్కారం అందుకోవడం ప్రతి స్కౌటూ కనే కల. 2006, 2007లలో మన గవర్నరుగా ఉన్న రామేశ్వర్ ఠాకూర్ ఈ సంస్థకు జాతీయ అధ్యక్షుడిగా పనిచేసినవారే, ఆయన క్విట్ ఇండియా కాలం నాటి కాంగ్రెస్ మనిషి. ఆ తరువాత బీజేపీ నాయకుడు అనిల్ కుమార్ జైన్ అదే పదవిలోకి వచ్చారు. తెలంగాణలో 2015లో అప్పటి నిజామాబాద్ ఎంపీ కవిత రాష్ట్ర చీఫ్ కమిషనర్ అయ్యారు. వీరిలో ఎవరు బాగా చేశారు, ఎవరు చేయలేదు అన్న తగువులోకి నేను పోను. పలుకుబడి ఉన్నవారు ఉంటే శిబిరాలకు స్థలం, నిధులు త్వరగా వస్తాయన్న మాటలో నిజముంది. కానీ 2017లో తమిళనాడు స్కౌట్స్ అధ్యక్ష పదవికి బీజేపీ జాతీయ కార్యదర్శి హెచ్. రాజా పోటీచేసినప్పుడు ఆ ఎన్నిక పార్టీల పోరుగా వార్తలకెక్కింది. చివరికి ఓటర్లు విద్యాశాఖ మాజీ అధికారి మణిని ఎన్నుకున్నారు. పిల్లల సంస్థలో పదవి ఒక పార్టీ గెలుపుగానో ఓటమిగానో లెక్కలోకి వచ్చిందంటే, గెలిచినవారెవరైనా సంస్థకు నష్టమే. కనుక స్కౌట్ పదవి స్వీకరించేవారు ఆ కాలానికి పార్టీ పదవిని వదులుకోవాలన్న నిబంధన ఉండడం న్యాయమని నా అభిప్రాయం. అలా వదులుకోలేనివారు దాతలుగా ఉండవచ్చు, దానికి అడ్డేమీ లేదు.

రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలకు నా విజ్ఞప్తి ఒకటే. పార్టీ సభలకు గానీ, మంత్రుల స్వాగతాలకు గానీ యూనిఫాంలో ఉన్న స్కౌట్లను, గైడ్లను పంపకూడదని స్పష్టమైన లిఖిత ఉత్తర్వు ఇవ్వాలి. నోటిమాటగా వచ్చే ఆదేశాన్ని కాదనే ధైర్యం ప్రధానోపాధ్యాయులకు ఉండదు, చేతిలో కాగితం ఉంటే చూపించగలరు. నాయకులు నిజంగా పిల్లలతో గడపాలనుకుంటే స్కౌట్ శిక్షణలో మూడో మెట్టయిన తృతీయ సోపాన్ పరీక్షా శిబిరానికి వచ్చి, వారు వండిన అన్నమే తిని, క్యాంప్‌ఫైర్ దగ్గర నేల మీద కూర్చోవచ్చు. అక్కడ ప్రసంగం అవసరం ఉండదు. ఇక పత్రికలకు కూడా ఒక మాట. నాయకుడి పక్కన స్కౌట్లు నిలబడిన ఫొటో ప్రచురించేటప్పుడు, ఆ పిల్లలు ఏ వేళ నుంచి అక్కడ ఉన్నారో, ఆ రోజు బడిలో ఏ పాఠాలు పోయాయో మీ విలేకరి చేత ఒక్క వాక్యం రాయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత స్కౌట్ మాస్టర్,
విజయనగరం జిల్లా