శిథిలాలు ముందు, బీచ్ తర్వాత

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో మెక్సికోలోని కాన్‌కున్ యాత్ర మీద వచ్చిన వ్యాసం చదివాను. సముద్రం రంగు గురించి, రిసార్టు బఫే గురించి పేరాలకు పేరాలు రాసి, చివర్లో "చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళు ఒక రోజు చిచెన్ ఇట్జా చూసి రావచ్చు" అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. చిచెన్ ఇట్జా అంటే అక్కడి మూలవాసులైన మాయా ప్రజల పాత నగరం, ఇప్పుడు శిథిలాలు. పైగా ఫొటోలో జనం అక్కడి పిరమిడ్ మెట్లెక్కుతున్నారు. 2006లో ఒకావిడ పైనుంచి పడి చనిపోయాక అక్కడ ఎక్కనివ్వడం మానేశారు. ఎక్కొచ్చు కదా అని పిల్లలకి ఆశపెట్టి తీసుకెళ్ళే తల్లిదండ్రులుంటారు, కాస్త చూసుకుని వేయండి.

నా అసలు అభ్యంతరం ఆ "ఒక రోజు" మీద. ఇక్కడ టెక్సస్‌లో థాంక్స్‌గివింగ్ సెలవులకో స్ప్రింగ్ బ్రేక్‌కో మనవాళ్ళు కాన్‌కున్ వెళ్ళడం మామూలైపోయింది, డాలస్ నుంచి విమానం మూడు గంటలు కూడా పట్టదు. వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది రిసార్టు కౌంటర్లో బస్సు టూర్ ఒకటి బుక్ చేసుకుంటారు. ఆ బస్సు ఒక్కో హోటల్ ముందూ ఆగి జనాన్ని ఎక్కించుకుని, దారిలో సామాన్లమ్మే షాపు దగ్గర ఒకసారి, భోజనానికి ఒకసారి ఆగి, రెండు వందల కిలోమీటర్లు నడిచి, సరిగ్గా ఎండ నడినెత్తికొచ్చే వేళకి అక్కడ దింపుతుంది, మిగతా బస్సులన్నీ దింపేదీ అప్పుడే. గైడ్ వెనక పరుగు, నాలుగు సెల్ఫీలు, మళ్ళీ బస్సు. తిరిగొచ్చాక "ఏముంది, రాళ్ళు, ఎండ" అంటారు. అలా చూస్తే ఎవరికైనా అంతే కనిపిస్తుంది.

చేయాల్సిందల్లా వరస మార్చడం. విమానం దిగిన రోజే కాన్‌కున్‌లో ఆగకుండా వయదోలిద్ వెళ్ళిపోయి రాత్రి అక్కడ పడుకోవాలి. చిన్న ఊరు, శుభ్రంగా ఉంటుంది, గది రిసార్టు కన్నా చాలా చవక, చిచెన్ ఇట్జా అక్కడికి ముప్పావు గంట. పొద్దున ఎనిమిదింటికి గేటు తీసేసరికి లైన్లో ఉంటే, కాన్‌కున్ బస్సులు వచ్చేలోపు ప్రశాంతంగా తిరగొచ్చు. పిరమిడ్‌కి నాలుగు వైపులా 91 మెట్ల చొప్పున, పైన ఉన్న ఒక్క మెట్టుతో కలిపి 365, సంవత్సరానికి ఎన్ని రోజులో అన్ని. ఎదురుగా నిలబడి చప్పట్లు కొడితే మెట్ల మీదనుంచి పిట్ట కూసినట్టు ప్రతిధ్వని వస్తుంది, పిల్లలు అక్కణ్ణించి కదలరు. మధ్యాహ్నం ఆ గోలలో ఇది వినపడే ప్రశ్నే లేదు. ఎక్కేది లేదు కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్ళినా బెంగ లేదు, నేల దాదాపు చదునే, గొడుగు మాత్రం ఉండాలి. ఆదివారాలు మెక్సికో వాళ్ళకి ప్రవేశం ఉచితం, రద్దీ విపరీతం, ఆ రోజు వదిలేయండి. ఇంకో సంగతి, కాన్‌కున్, తులుమ్ ఉన్న కింతానా రో రాష్ట్రంలో టైము చిచెన్ ఇట్జా, వయదోలిద్ ఉన్న యుకటాన్ రాష్ట్రం కన్నా ఒక గంట ముందుంటుంది. తీరానికి తిరిగొచ్చేటప్పుడు ఆ గంట పోతుంది, లెక్కలో పెట్టుకోవాలి.

ఆ తర్వాత ఎన్ని రోజులు బీచ్‌లో పడుకున్నా ఎవరూ ఏమీ అనరు. కానీ అనేవాళ్ళూ ఉన్నారు! "బీచ్‌కి పోయేవాళ్ళకి శిథిలాలెందుకు" అని వెక్కిరించే మేధావులు మనలో కొందరు. వాళ్ళొకసారి తులుమ్ చూడాలి. మూడు వైపులా రాతి గోడ, నాలుగో వైపు కొండచరియ, కింద కరీబియన్ సముద్రం. అది మాయా ప్రజల రేవు పట్టణం, పడవల మీద సరుకు వచ్చిపోయిన చోటు. 1502లో కొలంబస్‌కి హోండురాస్ దగ్గర ఎదురైన ఇలాంటి వర్తకుల పెద్ద పడవలో చాక్లెట్ చేసే కకావ్ గింజలు కూడా ఉన్నాయి. ఆ తీరానికి దగ్గర్లో ఉన్న కొసుమెల్ దీవికి ఇష్‌చెల్ దేవత దర్శనానికి ఆడవాళ్ళు సముద్రం దాటి యాత్ర వెళ్ళేవారు. గుడినీ సముద్రాన్నీ విడదీసింది మన ప్యాకేజీలే కానీ వాళ్ళు కాదు. కాన్‌కున్ సంగతికొస్తే, 1970లో ప్రభుత్వం పనిగట్టుకుని పర్యాటక నగరం కట్టడం మొదలుపెట్టేదాకా అదొక ఇసుక దిబ్బ. అయినా ఆ హోటళ్ళ వీధిలోనే ఎల్ రేయ్, సాన్ మిగెలితో అని రెండు మాయా శిథిలాలున్నాయి, రెండోదాని పక్కనే మ్యూజియం కూడా ఉంది. సిటీ బస్సులో వెళ్ళొచ్చు. వాటి మాట మీ వ్యాసంలో లేదు.

వ్యాసంలో "అంతరించిపోయిన నాగరికత" అన్న మాట మాత్రం నన్ను బాగా గుచ్చింది. యుకటాన్ మాయా భాష మాట్లాడేవాళ్ళు ఈనాటికీ మెక్సికోలో ఏడు లక్షలమందికి పైగా ఉన్నారు. రిసార్టులో మీ గది ఊడ్చే ఆవిడ, మీ సామాను మోసే కుర్రాడు వాళ్ళలో వాళ్ళే కావచ్చు. 1562లో మానీ అనే ఊళ్ళో ఒక స్పెయిన్ మతగురువు వాళ్ళ పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టించాడు, మొత్తమ్మీద ఇవాళ మిగిలినవి నాలుగే. 2012లో యుగాంతం అంటూ మన చానళ్ళు రాత్రింబవళ్ళు మాయా క్యాలెండర్ తిప్పాయి గుర్తుందా, ఆ క్యాలెండర్ రాసినవాళ్ళ మనవలు ఇంకా బతికే ఉన్నారని అప్పుడు ఒక్కరికీ చెప్పబుద్ధి కాలేదు. చిచెన్ ఇట్జా లోపల బొమ్మలమ్మేవాళ్ళని విసుక్కుంటూ రాయడం కూడా ఒక ఫ్యాషనైంది. ఆ భూమి 2010 దాకా ఒక ప్రైవేటు కుటుంబం పేరు మీద ఉండేది, చుట్టుపక్కల మాయా పల్లెల జనానికి దక్కింది ఆ చెట్ల కింద వేసుకున్న బల్లలే. బేరమాడండి, తప్పులేదు, విసుక్కోకండి.

తిండి గురించి కూడా ఒక మాట. శాకాహారులు బీన్స్ అడిగేముందు పంది కొవ్వు వేశారా అని కనుక్కోవాలి, చాలా చోట్ల వేస్తారు. సికిల్ పాక్ మాత్రం ధైర్యంగా తినొచ్చు. వేయించిన గుమ్మడి గింజలు, కాల్చిన టమాటా, మిరపకాయ కలిపి నూరుతారు, అచ్చం మన రోటి పచ్చడి. మన గుంటూరు మిరపకి పూర్వీకులు ఆ దేశం వాళ్ళే కాబట్టి చుట్టరికం ఉంది మరి.

బీచ్ మీద మాత్రమే ఆధారపడొద్దనడానికి ఇంకో కారణం సర్గాసం, అంటే గుట్టలు గుట్టలుగా ఒడ్డుకి కొట్టుకొచ్చే గోధుమరంగు నాచు. ఇది ఎక్కువగా ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా వస్తుంది, సరిగ్గా పిల్లల వేసవి సెలవులప్పుడే. కుళ్ళితే వాసన భరించలేం. ప్యాకేజీ ప్రకటనల్లో ఈ ఫొటో ఒక్కరూ వేయరు. అలాంటి రోజున మాయా శిథిలాలున్న కోబా అడవిలోనో, సెనోటే నీళ్ళలోనో గడపొచ్చు. యుకటాన్‌లో పైకి కనిపించే నదులు దాదాపు లేవు, నీళ్ళన్నీ సున్నపురాయి కిందనుంచే పారతాయి, ఆ రాయి కూలిన చోట ఏర్పడ్డ సహజమైన బావులే సెనోటేలు. దిగేముందు షవర్ చేయమంటారు, సన్‌స్క్రీన్ కడిగేసుకోమంటారు, చేయండి, ఆ ప్రాంతమంతా వాడుకునేది ఆ నీళ్ళే.

చివరగా వీసా. వ్యాసంలో దీని ఊసే లేదు. గడువున్న అమెరికా వీసా స్టాంపు కానీ గ్రీన్‌కార్డు కానీ ఉంటే భారతీయులకి మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు, కాబట్టి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలూ రావచ్చు. హెచ్‌వన్ ఉద్యోగ వీసా పొడిగించుకుని, పాస్‌పోర్టులో కొత్త స్టాంపింగ్ చేయించుకోకుండా 797 అనే ఆమోద కాగితంతో బండి లాగిస్తున్నవాళ్ళు మాత్రం మెక్సికో వీసా తీసుకోవాల్సిందే, లేకపోతే చెకిన్ దగ్గరే ఆపేస్తారు. మనవాళ్ళలో ఈ కోవలో ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. వచ్చే ఆదివారం ఈ ఒక్క సంగతైనా చిన్న బాక్సు కట్టి వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, డాలస్