తేనెటీగల పెట్టెలిచ్చారు సరే, వానాకాలం పూలేవండీ?

ఒడిశా వ్యవసాయ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మాది గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డున చిన్న పల్లె. ఒడియాలో అర్జీ మా అబ్బాయి రాస్తన్నాడు, ఇది మన తెలుగోళ్ళు కూడా చదవాలని ఇక్కడ పెడుతున్నా.

మూడేళ్ళ కిందట ఒక ట్రైనింగులో నాకు 5 తేనెటీగల పెట్టెలిచ్చారండి, మాఘంలో మామిడి పూత, దాంతోపాటే జీడి, ఎండలు ముదిరాక కానుగ, ఈగలు పొద్దస్తమానం తిరిగాయి, తేనె బాగానే వచ్చింది, ఇంక ఢోకా లేదనుకున్నాం. శ్రావణంలో మూత తీసి చూద్దును కదా, తెట్టు ఎండుటాకులా తేలిగ్గా చేతికొచ్చింది, ఒక్క గదిలో తేనె చుక్క లేదు, గుమ్మం ముందు తెల్లటి పిల్లపురుగులు పడున్నాయి, మేత లేక ఈగలే లాగి పడేశాయంట. వారం తిరక్కుండా 3 పెట్టెలు ఖాళీ. మన నాటు ఈగ అంతేనండి, తిండి లేని చోట ఉండదు, ఎగిరిపోద్ది.

మిగతా రెండూ పంచదార నీళ్ళతో దక్కాయి. కిలో పంచదారకి లీటరు నీళ్ళు, కాచి చల్లార్చి, మునిగి చావకుండా కొబ్బరి పీచు వేసి, పొద్దుగూకాక పెట్టె లోపలే పెట్టాలి, పగలు పెడితే పక్క పెట్టె ఈగలొచ్చి దోచేస్తాయి. బెల్లం పెడితే వాటికి కడుపు పాడవుద్ది. ఇవన్నీ నేను పోగొట్టుకున్నాకే తెలుసుకున్నా, ట్రైనింగులో ఒక్క ముక్క చెప్పలేదు.

అయినా పంచదారతో ఎన్నాళ్ళండీ, పిల్లల్ని పెంచుకోడానికి వాటికి పుప్పొడి కావాలి, అది పూలల్లోనే దొరుకుద్ది. మా మేనత్త వాళ్ళు గుణుపూర్ వైపు, ఒకప్పుడు కార్తీకానికి వలిసె పూలతో పచ్చగా మెరిసే మెట్టల్లో ఇప్పుడంతా పత్తే, పైగా మందుల పిచికారీ, అదీ ఈగలు తిరిగే పొద్దుటి పూటే.

2020లో కేంద్రం తేనె మిషన్ పథకానికి 500 కోట్లు ప్రకటించింది కదా, అందులో మాకు పెట్టెలతోపాటు మొక్కలూ విత్తనాలూ కూడా ఇప్పించండి. వానల్లో పూసే నువ్వులు, పుప్పొడికి మొక్కజొన్న, ఇళ్ళ దగ్గర గుమ్మడి, ఆ తర్వాత వలిసెలు, కంది. కాలవ గట్లకీ రోడ్ల పక్కకీ కానుగ, నేరేడు, ములగ.

మేం ఊరుకోలేదండి, పోయినేడు కాలవ గట్టు మీద నేరేడు గింజలు పాతాం, 40 దాకా మొలిచాయి, మేకలు సగం కొరికేశాయి. వచ్చే ఆషాఢం లోపు ఆ గట్టుకి కంచె వేయించండి చాలు, నీళ్ళు మేం పోసుకుంటాం.